రేఖ పటంలో సముద్రం కొండెక్కిన కథ

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో సముద్రం గురించి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు. ఎటు చూసినా అడవి, పక్కన నదులు, ఆఫీసు పనుంటే బస్సులో నడుం విరగ్గొట్టుకుని పోవాల్సిన గడ్చిరోలి, ఇంతే మా లోకం. అయినా ఈ రెండేళ్లలో మా ఊళ్లో సముద్రం మీద జరిగినంత చర్చ ఏ రేవు పట్నంలోనూ జరిగి ఉండదు. దానికి కారణం ఆదయ్య కూతురు రేఖ. ఆమె సంగతి నేను చెబితేనే నమ్మండి. ఆమె కూర్చుని పని చేసింది మా దుకాణం పైగదిలో. కింద రంగుల డబ్బాలు, సున్నం అమ్ముకుంటూ నేను అన్నీ విన్నాను. చెవి ఒగ్గి వినలేదు. ఆ పిల్ల గొంతే అంత.

నా పేరు వాసుదేవ్. ఊళ్లో సేటు అంటారు. కోపిష్టి అని కూడా అంటారు గానీ అది గిట్టనివాళ్ల మాట.

రేఖ ముత్తాతలు గోదావరి దాటి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు. ఆదయ్య మరాఠీ బడిలో ప్యూనుగా చేసి రిటైరయ్యాడు. ఆయన గంట కొడితేనే బడి వదిలేవారు, ఆ గర్వం ఇంకా పోలేదు. రేఖ గడ్చిరోలిలో భూగోళం చదివి, కంప్యూటరు మీద పటాలు గీయడం నేర్చుకుని వచ్చింది. ఇల్లు మాత్రం తాతల నాటి చోటే, నది వైపు పల్లంలో.

మా ఊళ్లో పల్లపు ఇళ్లకు ఒక ఏర్పాటు ఉంది. ఒక్కో పల్లపు ఇంటికి ఒక్కో మెట్ట ఇల్లు. వాన ముదిరి నది ఉబ్బితే బియ్యం బస్తా, మంచం, కోళ్లు, పిల్లల సర్టిఫికెట్లు ఆ మెట్ట ఇంటికి చేరిపోతాయి. పిలవడం, అడగడం ఉండవు. తలుపు తీసి ఉంచడమే మర్యాద. ఆదయ్య వాళ్ల మెట్ట ఇల్లు మా దుకాణం పైగది. ప్రతి శ్రావణంలో మా అమ్మ కుసుమాంబకీ రేఖ తల్లి నర్సక్కకీ కోళ్ల దగ్గర తగాదా. నీళ్లు తీశాక కోళ్లు వెళ్లిపోతుంటే మళ్లీ మా అమ్మే కళ్లు తుడుచుకుంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వరద తీశాక పల్లపు గోడల మీద నీళ్లు నిలిచినంత మేరా పచ్చటి పాచి పడుతుంది. ఆ పాచికి పైన ఆదయ్య జాజుతో, అంటే అరుగులకు పూసే ఎర్రమన్నుతో, అడ్డంగా ఒక గీత గీస్తాడు. గీతకు పైన పెట్టింది భద్రం, కింద పెట్టింది గోదావరి పాలు. వాడ మొత్తానికీ ఆ గీతలు గీసేది ఆయనే. ఆ వాడ పిల్లలు పుట్టినప్పటినుంచీ చూసేది అదే. ఎరుపు కనబడితే ప్రాణం కుదుటపడుతుంది, పచ్చ కనబడితే గుండె జారుతుంది. పెళ్లిసంబంధం మాట్లాడేటప్పుడు కూడా "పిలగాడు ఎర్రగీత మీదనే ఉన్నడు" అంటారు, నౌకరీలో స్థిరపడ్డాడని చెప్పడానికి.

ఇక రేఖ నౌకరీ. పుణెలో ఒక కంపెనీ ఆమెను ఇంటినుంచే పని చెయ్యమని పెట్టుకుంది. సముద్రం ఉన్న జిల్లాలన్నిట్లో మురుగునీళ్లను శుద్ధి చేసే ప్లాంట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో వెతికి పటం మీద పెట్టాలి. సముద్ర మట్టం పెరుగుతోంది కాబట్టి ఏది మునుగుతుందో ఏది మునగదో రంగులు వేసి చూపాలి. ఊరి మురుగు పారి రావాలి కనుక ఇలాంటి ప్లాంట్లను పల్లంలో, నీళ్ల అంచున కడతారట. సముద్రం లేస్తే ముందుగా దెబ్బ తగిలేది వాటికే.

"అవి మునిగితే ఏమైతది?" అని అడిగాను ఒకరోజు.

"ఊరు పంపిన నీళ్లు ఊరికే వాపస్ వస్తయి కాకా. మోరి ఎనక్కి తన్నినట్టు."

ఇంత శాస్త్రంలో ఆ ఒక్క ముక్క మాత్రం మా వాడకంతా వెంటనే అర్థమైంది.

మా పైగదిలోనే ఎందుకంటే, అక్కడ నదికి అవతల తెలంగాణ టవర్ సిగ్నల్ దొరుకుతుంది. ఇవతలి టవర్‌ను నమ్ముకుంటే ఫొటో పైసగం ఇవాళ, కిందిసగం రేపు వస్తుంది. పొద్దున టిఫిన్ డబ్బాతో వచ్చేది, చీకటి పడకముందే దిగేది. మధ్యలో మా అమ్మ, నర్సక్క ఏదో ఒక పని పెట్టుకుని పైకి పోయి కంప్యూటర్లోకి తొంగి చూసేవాళ్లు. పైనుంచి ఆ ప్లాంట్ల తొట్లు గుండ్రంగా, ఒకదానిలో ఒకటి చుట్లు చుట్లుగా కనిపిస్తాయి.

"ఇన్ని సకినాలు ఎవలు చేసిండ్రు బిడ్డా?" అంది నర్సక్క.

"సకినాలు కాదవ్వా, అండ్ల ఉన్నది పాయిఖాన నీళ్లు."

నర్సక్క ఆ సంవత్సరం సంక్రాంతికి సకినాలు చుట్టి వేయించలేదు. చెయ్యి రాలేదంది. మా ఇంట్లో కూడా ఎవరూ అడగలేదు.

ఏ చోట వేలు పెట్టినా అది సముద్రానికి ఎంత ఎత్తులో ఉందో ఆ కంప్యూటరు చెబుతుంది. సిరొంచ మీద పెట్టి చూపించింది రేఖ. వంద మీటర్లకు పైనే. మా అమ్మ కాసేపు సంతోషించింది, తర్వాత మొహం ముడుచుకుంది.

"అంత ఎత్తుల ఉంటే మరి ఏటేట ఎందుకు మునుగుతున్నం పిల్లా?"

"సముద్రం ముంచుతలేదు పెద్దమ్మా, గోదావరి ముంచుతున్నది."

"గా మిషిన్‌కు గోదావరి సంగతి చెప్పలేదా?"

రేఖ కంప్యూటరు మూసేసి టిఫిన్ డబ్బా తెరిచింది. ఆ సంగతి పుణె వాళ్లు కూడా దానికి చెప్పి ఉండరు.

పని మొదలుపెట్టినప్పుడే పెద్దసారు రాజ్‌కుమార్ ఫోన్లో ఒక మాట ఇచ్చాడు. పటం పూర్తయితే సముద్రం ఒడ్డున ఒక పట్నంలో పెద్ద మీటింగు, అక్కడ పటం చూపించాల్సింది రేఖే. ఆ రోజునుంచి ఆ పిల్ల కాలు నేల మీద నిలవలేదు. పొద్దంతా సముద్రపు అంచు వెంబడి వేలు నడిపించే మనిషి ఒక్కసారైనా సముద్రాన్ని చూడలేదు. ఆమెకు తెలిసిన సముద్రం తెర అంచున ఉన్న నీలి రంగు, అంతే.

"ఫోన్ల అలల చప్పుడు విన్న కాకా," అంది ఒకసారి. "ఫ్యాన్ తిరిగినట్టే ఉన్నది. అసలుది గట్ల ఉండది కావొచ్చు. ఒక్కపారి చూస్తే చాలు నాకు."

ఊరు ఊరంతా ఆ ప్రయాణానికి సిద్ధమైంది. మా అమ్మ సముద్రం నీళ్లు పట్టుకురమ్మని ఒక సీసా కడిగి ఇచ్చింది. నర్సక్కకు గవ్వలు కావాలి. ఆదయ్యకు సముద్రంలో ఏ చేప రుచో తెలియాలి. నాకేమీ వద్దన్నాను. ఇంత నీళ్లు మన దగ్గర లేవా అన్నాను. నాకూ యాభై దాటింది, నేనూ చూడలేదు, ఆ సంగతి వేరే.

పటం పూర్తయింది. రేఖ రంగులు వేసి పంపింది. రాజ్‌కుమార్ తెరిచి చూసి "తీరమంతా ఎంత పచ్చగా ఉంది, గొప్ప శుభవార్త" అని హిందీలో పొగిడాడట. రేఖకు ఆ శుభవార్త మాట ఎక్కడో గుచ్చుకుందిగానీ, పెద్దసారు కదా, తన పటాన్నే మెచ్చుకున్నాడనుకుంది. కంపెనీ కంప్యూటరు మిగతా పని చేసేసింది. ఎర్రచుక్క ఉన్న ప్రతి ప్లాంటుకూ "సముద్రం వల్ల మీకు ముంపు ప్రమాదం ఉంది" అని ఒక కాగితం, పచ్చచుక్క ఉన్నవాటికి "మీ ప్లాంటు క్షేమం, అభినందనలు" అని ఇంకో కాగితం.

మూడోనాడో నాలుగోనాడో మా దుకాణం పైన ఫోను మోగింది. రేఖ స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది, చేతులు ఖాళీగా ఉండవు కనుక. నేను మెట్ల దగ్గర ఊరికే నిలబడి ఉన్నాను.

"రేఖా," అన్నాడు రాజ్‌కుమార్, గొంతు చాలా మెత్తగా ఉంది, "కొండ మీది ఊరికి సముద్రం ఎట్లా ఎక్కుతుంది?"

జరిగింది ఇదీ. కొంకణం వైపు ఒక కొండ ఊళ్లోని ప్లాంటుకు ముంపు కాగితం చేరింది. అక్కడి అధికారి పుణెకు ఫోన్ చేశాడు. మాకు వేసవిలో తాగునీళ్లు ట్యాంకర్లో వస్తాయి, సముద్రం ఏ నెలలో వస్తుందో కొంచెం తేదీ చెప్పండి, పిల్లలు చూడాలని సరదా పడుతున్నారు అని అడిగాడట. ఎగతాళికి అడిగాడో నిజంగానే అడిగాడో రాజ్‌కుమార్‌కు అర్థం కాలేదు.

"అది మునగది సార్. ఎర్రగ ఉన్నది గద," అంది రేఖ హిందీలో.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది.

"ఎర్రగా ఉంటే ప్రమాదం కదా రేఖా?"

"ఎర్రగ ఉంటే భద్రం గద సార్?"

మెట్ల దగ్గర నేను కూడా తలూపాను. ఎర్రగా ఉంటే భద్రమే కదా. పుణె మనిషికి ఇంత చిన్న విషయం తెలియకపోవడమేమిటని నాకు కోపం కూడా వచ్చింది. ఆ తర్వాతే దుకాణంలో రంగుల డబ్బాల మీద, రోడ్డు మీద, లారీల వెనక, గ్యాసుబండి మీద ఎర్రరంగు ఎందుకు ఉంటుందో గుర్తొచ్చి చల్లగా కిందికి దిగాను.

రేఖ వేసింది ఆదయ్య గోడ. గీతకు పైన ఉన్నవన్నీ జాజురంగు, మునిగేవన్నీ పాచిరంగు. పటం మూలన ఏ రంగుకు ఏ అర్థమో రాసే ఉంది. దాన్ని చదివిన మహానుభావుడు ఒక్కడూ లేడు. తీరం పొడుగునా మునగబోయే ప్లాంట్లన్నీ అభినందనలు అందుకున్నాయి.

మీటింగుకు వేరే ఎవరినో పంపుతామన్నాడు రాజ్‌కుమార్. రేఖ సీసాను మా అమ్మకు తిరిగి ఇచ్చేసింది. ఏడవలేదు. తెరవైపు చూస్తూ కూర్చుంది, ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో పోయింది. పైగది నిశ్శబ్దంగా ఉంటే దుకాణంలో నాకు లెక్కలు కుదరలేదు. ఆ పిల్ల అరుపులు లేని ఇల్లు నాకు నచ్చలేదని అప్పుడు తెలిసింది.

ఆదయ్య బాధ ఇంకో రకం. జాజు కొనడానికి వచ్చినవాడు కొనకుండా బల్ల మీద కూలబడ్డాడు.

"గీత నాది సేటూ. పొల్ల నౌకరి నా గీత మీదికెల్లి జారింది."

"గీతది తప్పు కాదు ఆదన్నా. చదవనోళ్లది తప్పు."

"తప్పు ఎవలదైతేంది, సముద్రం పాయె గద."

కంపెనీ వాళ్లు రంగులు తిప్పి, క్షమించమని రెండో కాగితం అందరికీ పంపారు. అందరూ సరేనన్నారు, ఒక్క ప్లాంటు తప్ప. ఆంధ్ర తీరంలో ఒక చిన్న ఊరి ప్లాంటు అది, చూసుకునే మనిషి మంగయ్య. మొదటి కాగితమే మాకు బాగుంది, రెండోది మాకొద్దు అని జవాబు రాశాడట. ఫోన్ చేస్తే తియ్యడు. రాజ్‌కుమార్ విసిగిపోయి, ఆ మనిషి మాట్లాడేది తెలుగే కదా, తప్పు చేసిన నువ్వే పోయి నచ్చజెప్పి రా అని రేఖకు శిక్ష వేశాడు.

రేఖ ఫోన్ పెట్టేసి మొహం వేలాడేసుకుని మెట్లు దిగింది. సగంలో ఆగింది.

"కాకా, ఆ ప్లాంట్ సముద్రం ఒడ్డుకే ఉన్నది."

సీసా మళ్లీ బయటికి వచ్చింది. గీత సంగతి తానే చెప్పాలని ఆదయ్య బయల్దేరాడు, సంచిలో జాజు ముద్ద పెట్టుకుని. వాళ్లిద్దరినీ వరంగల్ దాకా జీపులో దింపి వద్దామని నేను బయల్దేరాను. వరంగల్ చేరాక, తెలియని దారి, తోడు ఉంటే మంచిదనిపించి రైలెక్కాను. సముద్రం చూడడానికి నేను పోలేదని ఇక్కడ స్పష్టంగా చెబుతున్నాను. మా అమ్మ మాత్రం నాక్కూడా వేరే ఒక సీసా ఇచ్చింది.

రైలు దిగి ఆటోలో సరుగుడు తోటల మధ్య ప్లాంటు చేరాం. ఎత్తైన ప్రహరీ. లోపల ఫొటోలో చూసిన సకినాలు, ఈసారి వాసనతో సహా. రేఖ తల పక్కకు తిప్పలేదు.

"ముందు పని కానియ్యి బాపూ. సిగ్గు తీరినాకనే సముద్రం," అంది.

మంగయ్య మాకంటే ముందే వాదనకు సిద్ధంగా ఉన్నాడు. పచ్చచుక్క కాగితానికి ఫ్రేము కట్టించి, బొట్టు పెట్టి, దండ వేశాడు. ప్లాంటు క్షేమమని తెలిశాక పై గదిలోని కరెంటు బోర్డు, కొత్త పంపు కింది గదిలోకి దింపించాడు. పై గదిలో ఇప్పుడు ఆయన మంచం, ఒక ఫ్యాను ఉన్నాయి. మధ్యాహ్నం నిద్ర బ్రహ్మాండంగా పడుతోందట.

"ఒకసారి క్షేమం అన్నాక మళ్లీ కాదంటే ఎట్టాగండీ?" అన్నాడు. "పెళ్లయ్యాక జాతకం తిరగరాస్తారా ఎవరైనా?"

రేఖ కంప్యూటరు తెరిచి, మా ఊరు సముద్రానికి వంద మీటర్ల ఎత్తు, మీ ప్లాంటు ఇంతే అని చూపించింది. ఆయన చూడనన్నాడు. నేను కోపంగా ఏదో అన్నాను. ఆయన నాకంటే కోపంగా ఏదో అన్నాడు. ఇద్దరం గొంతు పెంచాం. ఆదయ్య చెవుల మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గా పెద్ద మోటారు జర బందు చెయ్యిండ్రి. ఒక్క ముక్క వినస్తలేదు."

"మోటారు కాదండీ బాబూ. కరెంటు లేదు పొద్దుటినుంచీ," అన్నాడు మంగయ్య. "అది సముద్రమండీ."

రేఖ మాట్లాడుతున్న వాక్యం మధ్యలో ఆగిపోయింది. గోడ అవతల అది ఊపిరి తీస్తూ వదులుతూ ఉంది. ఫ్యాన్ చప్పుడులా లేదు. ఆమె కళ్లు ఒక్క క్షణం గోడ వైపు పోయి మళ్లీ కంప్యూటరు మీదికి వచ్చాయి. ఆ క్షణంలో ఆ మొండిపిల్ల మీద నాకు పట్టరానంత ప్రేమ కలిగింది.

వాదన తెగింది ఆదయ్య వల్ల. మా అరుపులకు విసిగి బయటికి పోయినవాడు కింది గది గోడ దగ్గర కూర్చుని మంగయ్యను పిలిచాడు. గోడకు మోకాలెత్తున పచ్చగా ఉంది.

"ఇదేంది తమ్మీ?"

"పాచండీ. కాగితం రాకముందు తుఫానుకి నీళ్లొచ్చి నిలబడ్డాయి."

"రంగు?"

"పచ్చ."

"మీ కాగితంల చుక్క?"

మంగయ్య గోడ వైపు చూశాడు, గదిలో దండ వేసిన ఫ్రేము వైపు చూశాడు. ఆదయ్య తన వాడ గోడల గురించి చెప్పాడు, పాచి గురించి, జాజు గురించి. చెప్పడం అయ్యేసరికి మంగయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"అయితే మా కాగితం మొదట్నుంచీ కరెక్టేనండి," అన్నాడు చివరికి. "చదవడమే మాకు రాలేదు."

ఫ్రేము తియ్యనన్నాడు. దండ మాత్రం తీశాడు. మంచం కిందికి, పంపు పైకి మార్చే ఏర్పాటు చేస్తానని ఒప్పుకున్నాడు, మధ్యాహ్నం నిద్ర తలుచుకుని పెద్ద నిట్టూర్పు విడిచాడు. ఆదయ్య జాజు కలిపి, తుఫాను ఆనవాలుకు చాలా పైన, గది గోడ మీద అడ్డంగా ఒక గీత గీశాడు. రేఖ ఆ గీతను ఫొటో తీసి పుణెకు పంపింది, కింద అర్థం పెద్ద అక్షరాల్లో రాసి.

అప్పుడు మంగయ్యే మమ్మల్ని డాబా మీదికి తీసుకుపోయాడు.

నేను సముద్రాన్ని వర్ణించను. నాకు చేతకాదు. రేఖ పిట్టగోడ పట్టుకుని నిలబడింది. తెర మీద నడిపించినట్టే వేలు చాచి అలల అంచు వెంబడి నడిపించింది, కళ్లు మాత్రం నిండిపోయాయి. ఆదయ్య కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎడమనుంచి కుడికి, కుడినుంచి ఎడమకు చూశాడు. నది పక్కన పుట్టిన మనిషి, నీళ్లు కనబడగానే అవతలి ఒడ్డు వెతుకుతాడు.

"అవుతలి ఒడ్డు యాడున్నది బిడ్డా?"

"లేదు బాపూ. ఉన్నా మనకు కనవడది."

"మరి ఇది లేస్తే వీళ్లు సామాను ఏ ఇంటికి మోస్తరు?"

రేఖ పిట్టగోడ మీదుగా ఊరి వైపు వంగి చూసింది. కింద తోటల మధ్య ఇళ్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఒక్క మెట్ట ఇల్లు లేదు. రెండేళ్లు ఆమె వేసిన చుక్కలన్నిటి పక్కనా ఇలాంటి ఇళ్లే ఉంటాయని అప్పుడు నా బుర్రకెక్కింది. నాకు ఏడుపొచ్చింది. ఉప్పుగాలి అని వాళ్లతో చెప్పాను.

మంగయ్య గొంతు సవరించుకున్నాడు.

"మీ ఊరు సముద్రానికి వంద మీటర్ల ఎత్తన్నారు కదండీ మేడంగారూ. ఏమన్నా గది దొరుకుద్దా?"

నవ్వులాటకే అడిగాడు. కానీ ఆదయ్య నవ్వలేదు, నా వైపు చూశాడు. అంతకుముందు ఎన్నడూ నన్ను అడగాల్సిన అవసరం రాలేదు ఆయనకు.

"పైగది ఉన్నది," అన్నాను. "రాండ్రి. కోళ్లను మాత్రం తేకుండ్రి."

"శ్రావణంల రాకుండ్రి తమ్మీ," అన్నాడు ఆదయ్య. "అప్పుడు అండ్ల మేముంటం."